లూసిడ్ కార్లు: మోటారుకు వంక పెట్టలేం, కంపెనీయే ఇంకా కుదురుకోలేదు

ఈ రెండు నెలల్లో తెలిసినవాళ్లు ముగ్గురు నన్ను అడిగారు, అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ లూసిడ్ కారు తీసుకోవచ్చా అని. ముగ్గురికీ మూడు రకాలుగా చెప్పాల్సి వచ్చింది. ఒకాయన ఉండేది శాన్‌హోసేలో, లూసిడ్ హెడ్డాఫీసు ఉన్న న్యూఆర్క్ (కాలిఫోర్నియాలోదే, న్యూజెర్సీది కాదు) ఆయనకి దగ్గరే. రెండో ఆవిడ ఉండేచోట చుట్టుపక్కల సర్వీస్ సెంటరే లేదు. మూడో మనిషి మా బావగారు, ఏ కారు కొన్నా పదేళ్లకి తక్కువ ఉంచరు. కారు అదే, కంపెనీ అదే, మనిషిని బట్టి జవాబు మారిపోతోంది. ఎందుకు మారుతోందో వివరంగా రాస్తే ఇంకొంతమందికి పనికొస్తుందని మొదలుపెట్టాను. కొంచెం పొడుగే అవుతుంది.

ముందే చెప్తున్నాను, నా దగ్గర లూసిడ్ లేదు. మా ఆఫీసులో తమ్ముడిలాంటి కుర్రాడొకడికి ఎయిర్ గ్రాండ్ టూరింగ్ ఉంది (ఎయిర్ అంటే లూసిడ్ సెడాన్, ప్యూర్, టూరింగ్, గ్రాండ్ టూరింగ్ అనేవి దాంట్లో రకాలు), దాంట్లో బాగా తిరిగాను, దూరాలు నడిపాను. వాళ్ల ఎస్‌యూవీ గ్రావిటీని టెస్ట్ డ్రైవ్ చేశాను. మా ఇంట్లో ఇంతకు ముందు ఇంకో కంపెనీ ఎలక్ట్రిక్ కారు ఉండేది, సాఫ్ట్‌వేర్ అంటే నేను ఇంత పట్టుబట్టడానికి కారణం అదే, దాని గురించి కింద చెప్తాను.

ఒకసారి ఆ తమ్ముడూ నేనూ ఫ్రీమాంట్ నుంచి లాస్ ఏంజెలిస్ వెళ్లాం, దాదాపు 350 మైళ్లు. పొద్దున్నే బయల్దేరి ఐ-5 హైవే ఎక్కేశాం. సగం దూరంలో కెటిల్‌మన్ సిటీ వస్తుంది, ఎలక్ట్రిక్ కార్లవాళ్లందరూ ఆగే చోటు అది. నా పాత కారుతో అయితే అక్కడ ఆగకుండా ముందుకెళ్లే ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు. "అన్నా, కాఫీ కావాలంటే ఆగుదాం, కారుకైతే అక్కర్లేదు" అన్నాడు వాడు. ఆగలేదు. గ్రేప్‌వైన్ ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ శాతం గబగబా పడిపోతుంటే నాకు పాత అలవాటు కొద్దీ టెన్షన్ మొదలైంది, కళ్లు స్క్రీన్ మీద నుంచి తిప్పలేకపోయాను. 4 వేల అడుగుల పైన ఉండే ఆ కనుమ దాటి అవతలివైపు దిగడం మొదలయ్యాక మోటారే జనరేటర్‌లా పనిచేసి కరెంటు వెనక్కి పంపుతుంటే ఆ అంకె కదలకుండా అలా నిలబడిపోయింది, మైళ్లు మాత్రం గడిచిపోతూనే ఉన్నాయి. హోటల్ దగ్గర పార్క్ చేసేసరికి ఇంకా 16 శాతం ఉంది. దారిలో ఎక్కడా ఛార్జింగ్ పెట్టలేదు, స్పీడు తగ్గించుకుని నడిపిందీ లేదు.

ఈ కంపెనీ గురించి ఎవరేం చెప్పినా ఆ 16 శాతం నా మనసులోంచి పోదు. అది ఎలా సాధ్యమైందో తెలుసుకోవడం కూడా నాకు ఇష్టం కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

లూసిడ్ పుట్టింది కార్ల కంపెనీగా కాదు. 2007లో అటీవా అనే పేరుతో మొదలై, వేరేవాళ్ల వాహనాలకి బ్యాటరీలు, మోటార్లు తయారుచేసేది. టెస్లా మోడల్ ఎస్‌కి చీఫ్ ఇంజినీరుగా పనిచేసిన పీటర్ రాలిన్‌సన్ 2013లో వచ్చి చేరారు, 2016లో పేరు లూసిడ్ మోటార్స్ అయింది. ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసులు చూసేవాళ్లకి గుర్తుండే ఉంటుంది, మొదటి నాలుగు సీజన్లలో బ్యాటరీ చాలక డ్రైవర్లు రేసు మధ్యలో కారు దిగి ఇంకో కారు ఎక్కేవాళ్లు. 2018-19 సీజన్ నుంచి ఒకే కారుతో రేసు మొత్తం అయిపోవడం మొదలైంది, ఆ బ్యాటరీ ఈ కంపెనీ చేసిందే. కార్లు అమ్మడం 2021 అక్టోబరు చివర్లో గానీ మొదలుపెట్టలేదు. అంటే కారు రోడ్డెక్కకముందే దాదాపు పధ్నాలుగేళ్ల పాటు బ్యాటరీల మీద, మోటార్ల మీద కూర్చున్నారన్నమాట. ఆ కూర్చోవడం కారులో కనిపిస్తుంది.

వాళ్ల డ్రైవ్ యూనిట్‌ని ఒక షోరూంలో విడిగా, స్టాండు మీద పెట్టి ఉంచారు. మోటారు, ఇన్వర్టరు (బ్యాటరీ కరెంటుని మోటారుకి పనికొచ్చేలా మార్చేది), గేర్లు, డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తిని పంచేది) అన్నీ కలిపి బరువు 74 కిలోలు, ఇచ్చే శక్తి 670 హార్స్‌పవర్. నేను దాని పక్కన నా ల్యాప్‌టాప్ బ్యాగు పెట్టి చూసుకున్నాను, విమానంలో పైన పెట్టుకునే చిన్న సూట్‌కేసులో పట్టే సైజు. మామూలుగా మోటారు బయట, పక్కన ఉండే డిఫరెన్షియల్‌ని వీళ్లు తిరిగే రోటరు లోపలే కూర్చోబెట్టారు. ఇలా చిన్నది చెయ్యడం కేవలం చూపించుకోవడానికి కాదు. మోటారు చిన్నదైతే ఆ మిగిలిన జాగా మనుషులకి వస్తుంది. ఎయిర్ బయట నుంచి చూస్తే మధ్యరకం సెడాన్‌లా ఉంటుంది, వెనక సీట్లో కూర్చుంటే పెద్ద లగ్జరీ కార్లలో కూర్చున్నట్టు కాళ్లు బారుగా చాపుకోవచ్చు. ముందు బానెట్ కింద 283 లీటర్ల డిక్కీ ఇంకోటి. నేను 6 అడుగులకి దగ్గర్లో ఉంటాను, ముందు సీటు నా కొలతకి జరిపి, దాని వెనకే నేను కూర్చున్నా మోకాళ్లకీ సీటుకీ మధ్య జానెడు పైన ఖాళీ ఉంది.

ఇంకా ముఖ్యమైనది తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పోవడం. 2025 ఎయిర్ ప్యూర్‌లో బ్యాటరీ 84 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు లెక్కలో 84 యూనిట్లు. దాంతో అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం 420 మైళ్లు పోతుంది. ఒక్క యూనిట్‌కి 5 మైళ్లు, 8 కిలోమీటర్లు! టెస్లా మోడల్ ఎస్ 400 మైళ్ల రేంజ్ ఇవ్వడానికి దాదాపు 100 యూనిట్ల బ్యాటరీ మోస్తుంది, టెస్లా కూడా ఈ విషయంలో తక్కువేం తినలేదు, అయినా ఈ తేడా ఉంది. గాలిని చీల్చుకుపోయే ఆకారం (డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.197), ఎక్కువ వోల్టుల బ్యాటరీ, ఆ మోటారు, అన్నీ కలిస్తే వచ్చిన ఫలితం ఇది. వోల్టులు పెరిగితే అదే శక్తికి తక్కువ ఆంపియర్లు చాలు, ఆంపియర్లు సగమైతే వైర్లలో వేడిగా పోయే కరెంటు నాలుగో వంతుకి పడిపోతుంది. పదో తరగతి ఫిజిక్సే, కానీ దాన్ని కారు మొత్తంలో ఇంత శ్రద్ధగా పాటించినవాళ్లు తక్కువ.

మొదట్లో వచ్చిన డ్రీమ్ ఎడిషన్‌కి 520 మైళ్ల రేంజ్ రాసిచ్చారు, కార్ల రివ్యూలు రాసే ఎడ్మండ్స్ వాళ్లు సొంతంగా టెస్ట్ చేస్తే 505 వచ్చింది, అది వాళ్ల టెస్టులో అప్పటికి పెద్ద రికార్డు. 2025లో గ్రాండ్ టూరింగ్‌ని స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్ నుంచి జర్మనీలోని మ్యూనిక్ దాకా ఒక్క ఛార్జితో 1,205 కిలోమీటర్లు నడిపి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఈ రెండోదాన్ని చూసి మన కారు కూడా 1,200 పోతుందనుకోకండి. సెయింట్ మోరిట్జ్ కొండ మీద ఊరు, అక్కడి నుంచి మ్యూనిక్‌కి 1,300 మీటర్ల దాకా దిగుడు ఉంది, నడిపినవాళ్లు రికార్డు కోసమే నడిపారు. హైవే మీద మామూలు స్పీడులో గ్రాండ్ టూరింగ్‌కి 400 మైళ్లు పెట్టుకోండి, నిశ్చింతగా ఉంటుంది.

నడపడం గురించి పెద్దగా చెప్పను, చెప్పినా చాలదు. బరువైన కారు, అయినా మలుపుల్లో ఆ బరువు తెలియదు, రోడ్డు మీద గతుకు వస్తే ఒక్కసారి మెత్తగా ఊగి సర్దుకుంటుంది. మోటర్‌ట్రెండ్ పత్రిక 2022 కార్ ఆఫ్ ద ఇయర్ ఊరికే ఇవ్వలేదు. గ్రావిటీ అయితే ఏడు సీట్ల దాకా ఉండే ఎస్‌యూవీ, గ్రాండ్ టూరింగ్ రకంలో 828 హార్స్‌పవర్, 450 మైళ్ల దాకా రేంజ్, మూడో వరుసలో నేను కూడా సరిగ్గా కూర్చోగలిగాను, ఈ మాట మార్కెట్లో చాలా ఎస్‌యూవీల గురించి చెప్పలేం. స్టీరింగ్ తిప్పితే వెనక చక్రాలు కూడా పక్కకి మళ్లుతాయి కాబట్టి పార్కింగ్‌లో చిన్న కారులా మళ్లింది. ముందు డిక్కీ తెరిస్తే అందులో ఇద్దరు కూర్చునేలా మెత్త ఉంటుంది, పిల్లల ఆటల దగ్గర గ్రౌండు పక్కన పార్క్ చేసుకుని కూర్చోవడానికి చక్కటి ఏర్పాటు, ఎవరికి తట్టిందో గానీ నాకు భలే నచ్చింది.

ఎయిర్‌లో గాజు పైకప్పు తీసుకునే ముందు ఒకసారి ఎండలో కూర్చుని చూడండి. ముందు అద్దమే ఆగకుండా తల మీదుగా వెళ్తుంది కాబట్టి సన్ వైజర్లని గాజు మధ్యలో బిగించాల్సి వచ్చింది, అందరికీ నచ్చే ఏర్పాటు కాదు. అరిజోనా, టెక్సస్ లాంటి చోట్ల ఉండేవాళ్లకి నా సలహా అయితే ప్యూర్‌లో వచ్చే మామూలు లోహపు పైకప్పే.

ఇక్కడి దాకా చదివితే ఇంకేం ఆలోచన, కొనేద్దాం అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

ఇప్పుడు నా పాత కారు సంగతి. ఏ కంపెనీదో చెప్పను, ఇక్కడ దానితో పనిలేదు. ఒక రాత్రి హైవే మీద, వెనక పిల్లలు నిద్రపోతున్నారు, స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోయింది. స్పీడోమీటరు దాంట్లోనే, ఏసీ దాంట్లోనే, అద్దాల మీద ఆవిరి తీసే బటన్ కూడా దాంట్లోనే. కారు నడుస్తూనే ఉంది, ఎంత స్పీడులో పోతున్నామో తెలియదు, అద్దం మెల్లగా మసకబారుతోంది. మా ఆవిడ పేపర్ నాప్‌కిన్లతో అద్దం లోపలివైపు తుడుస్తూ కూర్చుంది. ముందు పోతున్న ట్రక్కుని చూసుకుంటూ దాని స్పీడులోనే పదకొండు నిమిషాలు నడిపి ఎగ్జిట్ తీసుకున్నాను. ఆ రోజు నుంచి ఏ ఎలక్ట్రిక్ కారు గురించి అడిగినా నేను మొదట చూసేది రేంజ్ కాదు, సాఫ్ట్‌వేర్. ఓనర్లు ఏం రాస్తున్నారు, రీకాల్స్ (లోపం సరిచెయ్యడానికి కంపెనీ కార్లని వెనక్కి పిలవడం) ఏమున్నాయి, అప్‌డేట్ వచ్చాక బాగుపడుతోందా, కొత్త సమస్య వస్తోందా, ఇవి.

లూసిడ్‌కి బలహీనత సరిగ్గా ఇక్కడే ఉంది. 2022లో వైరింగ్ సమస్యతో స్క్రీన్లు ఆరిపోవచ్చని 1,117 ఎయిర్ కార్లు, అప్పటిదాకా తయారైన ఆ మోడల్ కార్లన్నీ, రీకాల్ చేశారు. మొదటి ఏడాది కార్లకి సాఫ్ట్‌వేర్ నెమ్మదిగా ఉంటుందని, స్క్రీన్ ముట్టుకున్నాక ఆలస్యంగా స్పందిస్తుందని రివ్యూ చేసినవాళ్లు చాలామంది రాశారు. ఐఫోన్‌ని కారు స్క్రీన్ మీద వాడుకునే యాపిల్ కార్‌ప్లే లాంటిది కూడా మొదట్లో లేదు, తర్వాత అప్‌డేట్‌లో ఇచ్చారు. నిజం చెప్పాలంటే ఎయిర్ రెండు మూడేళ్లలో చాలా బాగుపడింది, మా తమ్ముడి కారులో ఇప్పుడు మ్యాప్, పాటలు, ఫోన్ అన్నీ చకచకా వస్తాయి. ఎయిర్ కుదుటపడింది కదా అనుకునేలోపు గ్రావిటీ కొత్త సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది, కథ మళ్లీ మొదటికొచ్చింది. కారు తాళాన్ని గుర్తుపట్టకపోవడం, స్క్రీన్ మొరాయించడం లాంటి ఫిర్యాదులు ఎంత దూరం వెళ్లాయంటే 2025 డిసెంబరులో అప్పటి తాత్కాలిక సీఈవో మార్క్ వింటర్‌హాఫ్ స్వయంగా గ్రావిటీ ఓనర్లకి లేఖ రాసి క్షమాపణ చెప్పారు.

అలా ఒప్పుకోవడాన్ని నేను మెచ్చుకుంటాను, చాలామంది సీఈవోలు చెయ్యరు. కానీ 95 వేల డాలర్ల దగ్గర మొదలైన కారు అది. ఆ ధర పెట్టినవాళ్లు తలుపు దగ్గర నిలబడి జేబులో తాళం అటూ ఇటూ తిప్పాల్సిన అవసరం రాకూడదు. మోటారులో గ్రాము బరువు తగ్గించడానికి చూపించిన పట్టుదలలో సగం ఆ తాళం మీద చూపించి ఉంటే బాగుండేదని ఎప్పుడూ అనిపిస్తుంది.

ఛార్జింగ్‌లో ఒక మెలిక ఉంది, కొనేముందు ఎయిర్‌కీ గ్రావిటీకీ ఉన్న ఈ తేడా తప్పకుండా అర్థం చేసుకోండి. ఎయిర్ గ్రాండ్ టూరింగ్ బ్యాటరీ 900 వోల్టుల పైనది. శక్తివంతమైన 350 కిలోవాట్ల స్టేషన్‌లో పెడితే 300 కిలోవాట్ల దాకా లాగుతుంది, అక్కడ దాన్ని మించింది తక్కువ. కానీ అమెరికాలో ఎక్కడ చూసినా ఉండేవి, నమ్మకంగా పనిచేసేవి టెస్లా సూపర్‌ఛార్జర్లు, వాటిలో ఎక్కువ భాగం 500 వోల్టుల లోపు ఇచ్చేవే. 2025 జులై 31 నుంచి ఎయిర్‌కి కూడా అడాప్టర్‌తో వాటిల్లో ఛార్జింగ్ ఇచ్చారు, అయితే ఆ తక్కువ వోల్టేజిని కారు లోపల పెంచుకోవాలి కాబట్టి వేగం 50 కిలోవాట్లకే పరిమితం. గ్రాండ్ టూరింగ్ 10 నుంచి 80 శాతానికి రావాలంటే అక్కడ గంటన్నర పైనే కూర్చోవాలి. ఇది అత్యవసరానికి పనికొస్తుంది, ప్రయాణం ప్లాన్ చేసుకోవడానికి కాదు. గ్రావిటీలో ఈ లోపం సరిదిద్దారు. టెస్లా ప్లగ్గే నేరుగా పట్టేలా పోర్టు ఇచ్చారు, వోల్టేజి పెంచడానికి వెనక మోటారునే వాడుకునేలా చేసి అదే సూపర్‌ఛార్జర్ల దగ్గర 225 కిలోవాట్లు తెప్పించారు. ఒక మోడల్‌లో ఇబ్బంది పడి రెండో మోడల్‌లో ఇంత అందంగా పరిష్కరించడం చూస్తే ఈ ఇంజినీర్ల మీద మళ్లీ గౌరవం కలుగుతుంది. అంతకుముందు ఎయిర్ కొన్నవాళ్లకి మాత్రం దానివల్ల ఒరిగేదేం లేదు.

ఇప్పుడు డబ్బుల విషయం, దీన్ని దాటేసి కారు కొనకండి. 2021లో షేర్ మార్కెట్లోకి వచ్చేటప్పుడు ఇన్వెస్టర్లకి చూపించిన లెక్క 2022లో 20 వేల కార్లు, 2023లో 49 వేలు. 2022లో ఆ 20 వేలని ముందు 12-14 వేలకి, తర్వాత 6-7 వేలకి తగ్గించారు, చివరికి కస్టమర్ చేతికి వెళ్లినవి 4,369. 2023లో 6,001. 2024లో 10,241. పెరుగుతూనే ఉన్నాయి, 2025లో 15 వేలు దాటాయి, అయినా నాలుగేళ్ల తర్వాత కూడా 2022 కోసం చెప్పిన అంకెని అందుకోలేదు. 2024లో నష్టం దాదాపు 270 కోట్ల డాలర్లు. దాన్ని అమ్మిన కార్లతో భాగిస్తే ఒక్కో కారుకి 2 లక్షల 60 వేల డాలర్ల పైనే వస్తుంది. ఆ నష్టంలో కొత్త మోడళ్ల పరిశోధన, ఫ్యాక్టరీల ఖర్చు అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి ప్రతి కారు మీద నేరుగా అంత పోతోందని అర్థం కాదు. కానీ అరిజోనాలోని కాసా గ్రాండేలో అంత పెద్ద ఫ్యాక్టరీ కట్టుకుని, ఏడాదికి పది, పదిహేను వేల కార్లు చేస్తుంటే ఖర్చు ఎలా గిట్టుబాటవుతుంది?

మరి ఎలా నడుస్తోంది అంటే, సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి, పీఐఎఫ్. 2018లో 100 కోట్ల డాలర్ల పైన పెట్టి మొదలుపెట్టారు, ఆ తర్వాత అవసరమైనప్పుడల్లా పోస్తూనే ఉన్నారు, ఇప్పుడు కంపెనీలో సగానికి పైగా వాటా వాళ్లదే. 2023లో జెడ్డాకి ఉత్తరాన కింగ్ అబ్దుల్లా ఎకనమిక్ సిటీలో ఒక ఫ్యాక్టరీ కూడా తెరిచారు. 2025లో ఉబర్ 30 కోట్ల డాలర్లు పెట్టి, ఆరేళ్లలో 20 వేల గ్రావిటీలు డ్రైవర్ లేని టాక్సీలుగా తిప్పుతామని ఒప్పందం చేసుకుంది. ఆస్టన్ మార్టిన్ వీళ్ల మోటార్లు, బ్యాటరీలు వాడుకోవడానికి ఒప్పందం చేసుకుంది. అంటే రేపటికి రేపు మూతపడే కంపెనీ కాదు. అయితే బతుకు ఒక్క ఇన్వెస్టరు చేతిలో ఉంది, ఆ ఇన్వెస్టరు మనసు మారితే ఏమవుతుందనే ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. షేరు ధర పడిపోయి 2025 ఆగస్టులో పది షేర్లని ఒకటిగా కలిపారు. అదే ఏడాది ఫిబ్రవరిలో రాలిన్‌సన్ సీఈవోగా తప్పుకున్నారు, ఈ కార్ల వెనక మెదడు ఎవరిదంటే అందరూ చెప్పే పేరు అదే. షేర్లు కొనాలా వద్దా అనేది నేను చెప్పను, కారు గురించే నా గోల.

ఇదంతా కారు కొనేవాడికి ఎందుకు అనుకునేవాళ్లు ఫిస్కర్‌ని గుర్తు తెచ్చుకోండి. 2024 జూన్‌లో దివాలా తీసింది. ఓషన్ అనే ఎస్‌యూవీ కొన్న వేలమంది ఒక్కసారిగా వారంటీ లేక, విడిభాగాలు దొరక్క, అప్‌డేట్లు ఎవరిస్తారో తెలియక రోడ్డున పడ్డారు, చివరికి ఓనర్లే ఒక సంఘం పెట్టుకుని ఆ కార్లని నడిపించుకునే దారులు వెతుక్కున్నారు. పెట్రోలు కారు కంపెనీ పోయినా ఏ మెకానిక్కో చూస్తాడు. ఈ కార్లకి కంపెనీ సర్వర్ ఆగిపోతే ఫోన్‌లో యాప్ కూడా పనిచెయ్యదు. లూసిడ్ వెనక డబ్బు ఫిస్కర్ కంటే ఎంతో ఎక్కువ, రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు, అయినా స్టార్టప్ కారు కొంటున్నామంటే ఆ కంపెనీ ఆరోగ్యాన్ని కూడా కొంటున్నట్టే లెక్క.

సర్వీస్ విషయంలో ఊరిని బట్టి అంతా మారిపోతుంది. లూసిడ్‌కి డీలర్లు లేరు, అమ్మకాలూ సర్వీసూ అన్నీ సొంతంగానే. కాలిఫోర్నియాలో సెంటర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి, చిన్న పనులకి వ్యాన్ వేసుకుని ఇంటికే వస్తారు, మా తమ్ముడి కారుకి టైర్ల పని ఆఫీసు పార్కింగ్‌లోనే చేసి వెళ్లారు, ఆ వచ్చినతను ప్రతిదీ ఓపికగా వివరించాడు కూడా. దేశంలో చాలా రాష్ట్రాల్లో మాత్రం ఒక్క సెంటరూ లేదు. టెక్సస్ లాంటి చోట్ల కంపెనీలు నేరుగా అమ్మకూడదని చట్టమే ఉంది, అక్కడ కొనడం ఆన్‌లైన్‌లోనే.

రీసేల్ చూస్తే గుండె గుభేల్‌మంటుంది, కానీ సెకండ్ హ్యాండ్ కొనేవాడికి అదే వరం. మూడేళ్ల కిందటి ఎయిర్ కొత్త ధరలో సగానికి అటూ ఇటూ దొరుకుతోంది. కంపెనీ కొత్త కార్ల ధరలు తగ్గిస్తూ వచ్చింది, మొదటి డ్రీమ్ ఎడిషన్ 1,69,000 డాలర్లు, 2025లో ప్యూర్ 69,900 దగ్గర మొదలైంది, దాంతో పాతవి ఇంకా పడిపోయాయి. ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల రాయితీ కూడా 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది.

అందుకని శాన్‌హోసే ఆయనకి ఇలా చెప్పాను: కొత్తది వద్దు, 2023 చివర్లోదో 2024దో ఎయిర్ టూరింగ్, తక్కువ మైళ్లు తిరిగింది, కంపెనీ సర్టిఫై చేసి వారంటీతో ఇచ్చేది చూసుకోండి, ఆ ధరకి అంత మంచి కారు ఇంకోటి నాకు తెలియదు. కొత్త గ్రావిటీయే కావాలంటే మూడేళ్ల లీజుకి తీసుకోండి, ధర పడిపోయే బాధ కంపెనీకి వదిలెయ్యండి, ఈలోగా సాఫ్ట్‌వేర్ కూడా కుదుటపడుతుంది. సర్వీస్ సెంటర్ లేని ఊరావిడకి వద్దని చెప్పాను, చాలా ఇష్టపడి అడిగింది, చెప్పడానికి మనసొప్పలేదు, కానీ ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక్కటే కారు, అది నెలలో రెండు వారాలు ఎక్కడో షెడ్డులో ఉంటే ఎలా.

మా బావగారిని ఆగమన్నాను. 50 వేల డాలర్ల లోపు మొదలయ్యే మధ్యరకం మోడల్ తెస్తామని కంపెనీ చెప్తోంది, దాంతోనే తేలుతుంది లెక్కలు కుదిరేదీ లేనిదీ. "అప్పటిదాకా నా పాత కేమ్రీ నడుస్తుందా అని అడగవేం?" అన్నారు ఆయన. నడుస్తుంది బావగారూ, ఇంకో రెండేళ్లు హాయిగా నడుస్తుంది. ఈలోగా వచ్చే శనివారం తమ్ముడి కారు అడిగి తీసుకొస్తాను, మీరు వెనక సీట్లో కూర్చోండి, అక్కని ముందు కూర్చోబెట్టి నేను నడుపుతాను.